అదనపు పన్ను: వెంటనే తీయించాలా, ఆగి తీయించాలా, అలాగే వదిలేయాలా?

ఏడెనిమిదేళ్ల పిల్లవాడికి పై వరుస ముందు పళ్లలో ఒకటి వచ్చి, దాని జత పన్ను నెలలు గడిచినా రాకపోతే, తల్లిదండ్రులు హనుమకొండలోనో కరీంనగర్‌లోనో పంటి డాక్టరుకు చూపిస్తారు. ఎక్స్‌రే తీస్తే, రావలసిన పన్నుకు అడ్డంగా, లెక్కలో లేని చిన్న పన్ను ఒకటి ఎముకలో కనిపిస్తుంది. ఒక డాక్టరు దానిని ఇప్పుడే తీసేద్దామంటారు. మనసు కుదరక మరొకరిని అడిగితే రెండేళ్లు ఆగుదామంటారు. ఇంట్లో నానమ్మ "పాల పండ్లు అన్ని ఊడినంక అదే సర్దుకుంటది" అంటుంది. నానమ్మ మాట సంగతి తరువాత చూద్దాం గానీ, డాక్టర్లిద్దరి మాటల్లోనూ న్యాయం ఉండవచ్చు. అదనపు పన్ను ఉన్నదన్న ఒక్క కారణంతో చికిత్స నిర్ణయం కాదు. అది పక్క పళ్లకు ఏం చేస్తున్నది, ఆ పక్క పళ్ల వేర్లు ఎంతవరకు తయారయ్యాయి అన్న రెండు ప్రశ్నలకు దొరికే జవాబును బట్టి, ఒకే రకం పన్నును ఒక పిల్లవాడికి వెంటనే తీయవలసి రావచ్చు, మరొకరికి రెండేళ్లు ఆగి తీయడం మేలు కావచ్చు, ఇంకొకరికి జన్మంతా ముట్టుకోకుండా ఉంచవచ్చు.

అది నిజంగా అదనపు పన్నేనా

పాలపళ్లు 20, శాశ్వత దంతాలు జ్ఞానదంతాలతో కలిపి 32. ఈ లెక్కకు మించి ఏర్పడిన దంతాన్ని వైద్యులు సూపర్‌న్యూమరరీ టూత్ అంటారు. శాశ్వత దంతాలలో ఇది సుమారుగా నూటికి ఒకరి నుంచి ముగ్గురి వరకు కనిపిస్తుంది. ఆడపిల్లల కంటే మగపిల్లలలో దాదాపు రెట్టింపు. పాలపళ్లలో ఇంకా అరుదు. చాలా వరకు పై దవడలోనే, అందులోనూ రెండు ముందు పళ్ల నడుమ వస్తుంది. అక్కడ వచ్చేదానికి మీసియోడెన్స్ అని పేరు. దవడలో పళ్లను మొలకెత్తించే కణాల పట్టీ అవసరానికి మించి చురుకుగా పనిచేయడమే ఇందుకు కారణమన్న వివరణను ఎక్కువమంది అంగీకరిస్తారు. కుటుంబంలో ఒకరికి ఉంటే మరొకరికి ఉండే అవకాశం పెరుగుతుంది. కడుపుతో ఉన్నప్పుడు తల్లి ఏదో తిన్నందువల్లనో, గ్రహణం చూసినందువల్లనో వచ్చేది మాత్రం కాదు.

అదనపు పన్నని భయపడి వచ్చేవారిలో చాలామందికి ఉండేది వేరే సంగతి. ఆరేళ్ల వయసులో కింది పాలపళ్లు ఊడకముందే వాటి వెనుక కొత్త పళ్లు మొలిచి రెండు వరుసలుగా కనిపించడం సర్వసాధారణం. పాలపన్ను వదులై ఊడిపోయాక నాలుక ఒత్తిడికి కొత్త పన్ను ముందుకు జరుగుతుంది. మనం "పన్ను మీద పన్ను" అని, అదృష్టమని మురిసిపోయేది కూడా ఎక్కువసార్లు చోటు చాలక పైకి వచ్చిన కోరపన్నే గానీ అదనపు పన్ను కాదు. రెండు పళ్లు కలిసిపోయి ఒకే వెడల్పాటి పన్నుగా పెరగడం మరొకటి. ముందు పన్ను రాకపోవడానికి, చిన్నప్పుడు కింద పడినప్పుడు పాలపంటికి తగిలిన దెబ్బ వల్ల లోపలి పన్ను వంకర తిరగడం కూడా కారణం కావచ్చు కాబట్టి, అలాంటి దెబ్బ ఏదైనా తగిలి ఉంటే ఎన్నో ఏట తగిలిందో గుర్తు చేసుకుని డాక్టరుకు చెప్పాలి.

అనుమానించవలసిన సందర్భాలు ఇవి. జత పళ్లలో ఒకటి వచ్చి ఆరు నెలలు దాటినా రెండోది రాకపోవడం. కింది ముందు పళ్లు వచ్చి ఏడాది దాటినా పై ముందు పళ్లు రెండూ రాకపోవడం. వరుస తప్పి, నడిమి పళ్ల కంటే ముందే వాటి పక్క పళ్లు రావడం. ముందు పన్ను తిరిగిపోయి రావడం. రెండు ముందు పళ్ల నడుమ వెడల్పాటి సందు. సందు విషయంలో తొందర వద్దు: కోరపళ్లు దిగే 11, 12 ఏళ్ల వరకు 2 మిల్లీమీటర్ల లోపు సందు మామూలే, చాలామందికి అది దానంతట అదే పూడుతుంది. అంతకు మించిన సందు ఉంటే ఒక ఎక్స్‌రే తీయించడం సబబు. నానమ్మ మాట ఇక్కడే తేలిపోతుంది. పాలపన్ను ఆలస్యంగా ఊడటమే కారణమైతే ఆమె చెప్పినట్టే సర్దుకుంటుంది. ఎముకలో అడ్డు ఉంటే పాలపళ్లన్నీ ఊడినా సర్దుకోదు. ఏది కారణమో ఎక్స్‌రే లేకుండా చెప్పడం సాధ్యం కాదు.

ఏ ఎక్స్‌రే

చికిత్సకంటే ముందు ఎంచుకోవలసింది ఇదే, అనవసరపు ఖర్చు మొదలయ్యేదీ ఇక్కడే. మూడు రకాలు ఉన్నాయి.

నోట్లో చిన్న ఫిల్ము పెట్టి తీసే మామూలు ఎక్స్‌రే రెండు మూడు పళ్లను స్పష్టంగా చూపిస్తుంది, రేడియేషన్ అతి తక్కువ, ఏ చిన్న క్లినిక్‌లోనైనా ఉంటుంది. ముందు పళ్ల భాగానికి మొదటి పరీక్షగా ఇది చాలు. దీనితోనే మరో పని కూడా అవుతుంది: ఎక్స్‌రే యంత్రపు గొట్టాన్ని కొంచెం పక్కకు జరిపి రెండో ఎక్స్‌రే తీసి, రెండింటినీ పోల్చి చూస్తే, గొట్టం జరిగిన వైపే జరిగినట్టు కనిపించే పన్ను అంగిలి వైపు, దానికి ఎదురు దిశలో జరిగినట్టు కనిపించేది పెదవి వైపు ఉన్నట్టు లెక్క. శస్త్రచికిత్సలో చిగురును ఏ వైపు నుంచి తెరవాలో ఈ చిన్న ఉపాయమే చాలాసార్లు చెప్పేస్తుంది.

ఓపీజీ అంటే తల చుట్టూ యంత్రం తిరుగుతూ రెండు దవడలనూ ఒకే బొమ్మలో చూపించేది. మొత్తం పళ్లను లెక్కపెట్టడానికి, వేరే చోట కూడా అదనపు పళ్లున్నాయా అని చూడటానికి ఇదే సరైనది. కానీ సరిగ్గా మనకు కావలసిన ముందు పళ్ల దగ్గరే, వెన్నెముక నీడ పడి, బొమ్మ అలుక్కుపోతుంది. ఓపీజీలో కనిపించలేదు కాబట్టి మీసియోడెన్స్ లేదని అనుకోవడానికి వీలులేదు.

మూడోది సీబీసీటీ, అంటే దవడను మూడు కొలతల్లో చూపించే స్కాన్. ఖర్చు, రేడియేషన్ రెండూ ఎక్కువే. పన్ను తలకిందులుగా ఉన్నా, ముక్కు లోపలి అడుగు భాగానికి దగ్గరగా ఉన్నా, పక్క పంటి వేరు అరిగిపోతున్నదన్న అనుమానం ఉన్నా, రెండు మూడు అదనపు పళ్లు ఒకదానిమీద ఒకటి పడి ఉన్నా దాని విలువ దానిది. సర్జన్‌కు కత్తి పట్టకముందే దారి తెలుస్తుంది. పిల్లల కణాలు రేడియేషన్‌కు పెద్దలకంటే తొందరగా లోనవుతాయి కనుక, తీయకుండా ఊరికే గమనించాలని ముందే నిర్ణయించిన పన్నుకు సీబీసీటీ తీయించడంలో అర్థం లేదు. ఈ స్కాన్‌లో కనిపించేదాన్ని బట్టి మీ నిర్ణయం ఏమైనా మారుతుందా అని డాక్టరును అడగండి. మారదంటే వద్దని చెప్పే హక్కు మీకుంది.

తూకం వేయవలసిన అంశాలు

మొదటిది, పక్క పన్ను. అది రాకుండా ఆగిందా, పక్కకు తోసుకుపోయిందా, తిరిగిపోయిందా, దాని వేరు అరుగుతున్నదా? ఇవేవీ లేకపోతే తొందర లేదు.

రెండోది, ఆ పక్క పంటి వేరు ఎంతవరకు పెరిగింది. పై నడిమి పంటి వేరు సుమారు 10 ఏళ్లకు, దాని పక్క పంటి వేరు సుమారు 11 ఏళ్లకు పూర్తవుతాయి. వేరు ఇంకా పెరుగుతుండగా పక్కనే ఎముకను చెక్కితే ఆ పెరుగుదలకు దెబ్బ తగలవచ్చునన్న జంకు ఒకవైపు. వేరు పెరుగుతున్నంతకాలమే పంటికి తనంతట తానే దిగే శక్తి ఎక్కువగా ఉంటుందన్న వాస్తవం మరొకవైపు. డాక్టర్ల మధ్య భేదాభిప్రాయమంతా ఈ రెండింటి నడుమనే నలుగుతుంది.

మూడోది, అదనపు పంటి ఆకారం. శంఖంలా మొన తేలి, ఎక్కువగా ఒంటిగా ఉండేది ముందే తయారవుతుంది. కొన్నిసార్లు బయటికి కూడా వస్తుంది. పక్క పళ్లను జరుపుతుంది గానీ పూర్తిగా ఆపడం తక్కువ. పీపా ఆకారంలో, పైభాగాన బుడిపెలతో, తరచుగా జతగా అంగిలి వైపు ఉండే రకం తాను బయటికి రాదు, పై ముందు పళ్లను రానివ్వదు. ఎక్స్‌రేలో ఇది కనిపిస్తే "చూద్దాం" అన్న మాటకు చోటు చాలా తక్కువ. అచ్చం మామూలు పన్నులాగే ఉండే మూడో రకం, పంటి పదార్థాలు ముద్దగా ఏర్పడే ఓడొంటోమా అనే నాలుగో రకం కూడా ఉన్నాయి.

మిగిలినవి క్లుప్తంగా: పన్ను ఎంత లోతున ఉంది, నరానికి గానీ ముక్కుకు గానీ ఎంత దగ్గర, పిల్లవాడు కుర్చీలో కదలకుండా కూర్చోగలడా, కుటుంబం ఎన్నిసార్లు ఆసుపత్రికి రాగలదు. చివరిదాన్ని వైద్య పుస్తకాలు పెద్దగా పట్టించుకోవు గానీ, ఏటూరునాగారం నుంచో మహదేవపూర్ నుంచో కూలి పోగొట్టుకుని రావలసిన ఇంటికి అదే మొదటి అంశం.

మొదటి మార్గం: ముట్టుకోకుండా గమనించడం

పక్క పళ్లన్నీ వేళకు వచ్చి వరుసలో ఉండి, అదనపు పన్ను ఎముకలో లోతుగా ఎవరి జోలికీ పోకుండా ఉంటే, దానిని తీయడానికి చేసే గాయమే దానివల్ల కలిగే హానికంటే పెద్దది కావచ్చు. క్లిప్పుల వైద్యం చేయించే ఆలోచన లేని పెద్దలకు, వేరే పనికి తీయించిన ఓపీజీలో అనుకోకుండా బయటపడిన పంటికి ఇది తరచుగా సరైన దారి.

అయితే గమనించడం అంటే మరిచిపోవడం కాదు. ఎముకలో మిగిలిన పంటి తల చుట్టూ ఉండే సంచి నీరు పట్టి తిత్తిగా మారవచ్చు. అది నొప్పి లేకుండా, ఏళ్ల తరబడి, ఎముకను లోలోపల తింటూ పెరుగుతుంది. కాబట్టి డాక్టరు చెప్పిన వ్యవధిలో ఎక్స్‌రే తీయించి పాతదానితో పోల్చుకోవాలి. చిగురు మీద వాపు, నోట్లో చీము రుచి, బాగున్న పన్ను కదలడం, దాని రంగు మారడం కనిపిస్తే గడువు వరకు ఆగకూడదు. పాత ఎక్స్‌రేలను పారేసే అలవాటున్న వారికి, ప్రతిసారీ డాక్టరును మార్చే వారికి ఈ మార్గం పనికిరాదు.

రెండో మార్గం: కనిపించిన వెంటనే తీయించడం

ఆరేడేళ్లకే బయటపడి, పీపా ఆకారంలో ఉండి, ముందు పళ్ల దారికి సూటిగా అడ్డం పడిన పంటికి ఈ మార్గాన్ని సమర్థించేవారు చెప్పే కారణం బలమైనది. అడ్డు త్వరగా తొలగిస్తే పన్ను తన శక్తితో తానే దిగుతుంది. పక్క పళ్లు ఖాళీ చోటులోకి ఒరగవు. ముందు పళ్ల నడిమి గీత పక్కకు జరగదు. తరువాత క్లిప్పుల అవసరం తప్పవచ్చు, లేదా తగ్గవచ్చు.

దీనికి చెల్లించవలసిన మూల్యం రెండు రకాలు. సగం పెరిగిన వేరు పక్కన పని చేయడం చేయి తిరిగిన సర్జన్‌కే నప్పుతుంది. ఆరేళ్ల పిల్లవాడు అంతసేపు నోరు తెరిచి ఉంచలేడు కనుక పూర్తి మత్తు అవసరమయ్యే అవకాశం ఎక్కువ. ఇక బయటికి వచ్చేసిన శంఖాకారపు పన్నైతే ఈ చర్చే అక్కరలేదు. చిగురు మీద చిన్న సూది, పట్టకారు, కొద్ది నిమిషాల పని. చేతిలో పెట్టి చూపిస్తే మక్క గింజంత ఉండే ఆ పన్ను, రెండు ముందు పళ్ల మధ్య అంత సందు ఎలా చేసిందా అని తల్లిదండ్రులు ఆశ్చర్యపోతారు.

మూడో మార్గం: వేర్లు పెరిగే వరకు ఆగి తీయించడం

సాధారణంగా 8 నుంచి 10 ఏళ్ల మధ్య, నడిమి పళ్ల వేర్లు పూర్తయ్యే దశలో తీయడం. వేరుకు దెబ్బ తగులుతుందన్న భయం తగ్గుతుంది. పిల్లవాడికి ఊహ తెలుస్తుంది కాబట్టి, స్థానిక మత్తు సూదితోనే పని జరిగే అవకాశం పెరుగుతుంది. అదనపు పన్ను ఉన్నా పక్క పళ్లు వచ్చేసి, కాస్త పక్కకు మాత్రమే జరిగిన పిల్లలకు నేను ఈ మార్గం వైపే మొగ్గుతాను.

ముందు పన్ను అసలే రాని పిల్లవాడి విషయంలో ఈ ఆగడం ఖరీదైనది. ఆగినకొద్దీ పక్క పళ్లు ఒరిగి చోటు మూసుకుపోతుంది, వేరు పూర్తయిన పంటికి తనంతట తాను దిగే ఊపు తగ్గుతుంది. దానికి తోడు, మూడో తరగతి నుంచి ఐదో తరగతి వరకు ముందు పన్ను లేకుండా బడికి వెళ్లే పిల్లవాడు పడే ఎగతాళిని ఏ ఎక్స్‌రే చూపించదు.

నాలుగో మార్గం: తీసి, లోపలి పన్నును క్లిప్పులతో దింపడం

అదనపు పన్ను తీసే శస్త్రచికిత్సలోనే లోపల ఆగిపోయిన అసలు పంటికి చిన్న గొలుసు అంటించి, దానిని చిగురు బయటికి తెచ్చి, తరువాత క్లిప్పుల తీగకు కట్టి నెలల తరబడి నెమ్మదిగా కిందికి లాగుతారు. పన్ను చాలా ఎత్తులో ఉండిపోయినప్పుడు, తిరిగిపోయినప్పుడు, చోటు మూసుకుపోయినప్పుడు, పదేళ్లు దాటాక బయటపడినప్పుడు ఇది తప్పదు. ఫలితం మీద నమ్మకం ఎక్కువ, ఖర్చు కూడా అన్నింటికంటే ఎక్కువ, నెలకోసారి రావాలి, గొలుసు ఊడితే మళ్లీ చిగురు తెరవాలి, రోజూ శుభ్రంగా తోమని పిల్లవాడికి క్లిప్పుల చుట్టూ పుచ్చు పడుతుంది. అందరికీ మొదటే గొలుసు అక్కరలేదు. ఎక్కువమంది పిల్లల్లో, చోటు ఉండి అడ్డు తొలగితే, పన్ను దానంతట అదే వస్తుంది. కానీ ఆ పన్ను రాక రెండోసారి చిగురు తెరవడం భారమయ్యే ఇళ్లకు, ఒకే మత్తులో రెండు పనులూ ముగించడం గురించి సర్జన్‌నూ క్లిప్పుల డాక్టరునూ ఒకేచోట కూర్చోబెట్టి అడగడం మంచిది.

| మార్గం | ఎవరికి నప్పుతుంది | లాభం | ఇబ్బంది |
|---|---|---|---|
| గమనించడం | పక్క పళ్లు సరిగా ఉన్నవారు, అనుకోకుండా బయటపడిన పెద్దలు | కోత లేదు | తిత్తి ఏర్పడవచ్చు, ఏళ్ల తరబడి ఎక్స్‌రేలు |
| వెంటనే తీయడం | పీపా ఆకారపు పన్ను అడ్డుపడిన ఆరేడేళ్ల పిల్లలు. బయటికి వచ్చిన శంఖాకారపు పన్ను | చోటు నిలుస్తుంది, పన్ను తానే దిగుతుంది | పెరిగే వేరుకు ప్రమాదం, పూర్తి మత్తు కావలసి రావచ్చు |
| ఆగి తీయడం | ముందు పళ్లు వచ్చి, కాస్త జరిగిన పిల్లలు | వేరుకు భద్రత, సూది మత్తు చాలవచ్చు | రాని పంటికి చోటు మూసుకుపోతుంది |
| తీసి, క్లిప్పులతో దింపడం | ఎత్తులో ఆగిన పన్ను, పదేళ్లు దాటినవారు | ఫలితం మీద నమ్మకం | ఖర్చు, నెలనెలా ప్రయాణం |

కవల పన్నులో ఏది తీయాలి

ఇది చాలామంది అడగని ప్రశ్న. మామూలు పన్నులాగే ఉండే అదనపు పన్ను ఎక్కువగా ముందు పళ్ల పక్క పంటి దగ్గర వస్తుంది. రెండూ ఒకే పరిమాణం, ఒకే ఆకారం. ఏది అసలు, ఏది అదనం అన్నది ఒక్కోసారి తేలదు, తేలవలసిన అవసరం కూడా లేదు. వరుసకు ఎక్కువ దూరంగా ఉన్నదాన్ని, వేరు పొట్టిగా ఉన్నదాన్ని, రూపం బాగాలేనిదాన్ని, పుచ్చు పట్టినదాన్ని తీసి మంచిదాన్ని ఉంచుకోవాలి. చిన్న పిల్లల్లో రెండింటి వేర్లూ ఎక్స్‌రేలో చూడకుండా, బయటికి వచ్చిన రూపాన్ని బట్టే ఒకదాన్ని పీకేయడం తొందరపాటు.

ఎవరికి ఏది

నాలుగేళ్ల పిల్లకు పాలపళ్లలోనే ఒకటి ఎక్కువగా ఉంటే, దానిని తీయించనవసరం లేదు. వేళకు అదే ఊడుతుంది. కానీ అలాంటి పిల్లల్లో చెప్పుకోదగ్గ భాగానికి శాశ్వత దంతాలలో కూడా అదనపు పన్ను వస్తుంది కనుక, ఆరేళ్ల ప్రాంతంలో ఒక ఎక్స్‌రే తప్పక తీయించాలి.

ఎనిమిదేళ్లు దాటి, ఒక ముందు పన్ను మాత్రమే వచ్చిన పిల్లవాడికి ఇంకో రెండేళ్లు ఆగుదామన్న సలహా వస్తే, కారణం స్పష్టంగా అడగాలి. వేరు ఇంకా పెరగలేదన్నది ఒక కారణం. పూర్తి మత్తు ఇచ్చే వసతి తమ దగ్గర లేదన్నది మరొక కారణం. రెండోదైతే వసతి ఉన్న చోటికి వెళ్లాలి, పన్ను కోసం వయసు ఆగదు.

పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లలకు కింది దవడలో, కోరపంటి వెనుక వచ్చే చిన్న దవడ పళ్ల దగ్గర అదనపు పళ్లు ఆలస్యంగా తయారవుతాయి. క్లిప్పులు వేయించుకోబోయే ముందు తీసిన ఓపీజీలో ఎక్కువగా బయటపడేవి ఇవే. అక్కడే కింది పెదవికి స్పర్శనిచ్చే నరం ఎముక నుంచి బయటికి వస్తుంది. పెదవి మొద్దుబారే ప్రమాదం ఉన్నందున, క్లిప్పుల వైద్యానికి అడ్డు కాకపోతే వాటిని వదిలేసి గమనించడమే చాలామంది సర్జన్లు కోరుకుంటారు.

జ్ఞానదంతం వెనుక నాలుగో దవడ పన్ను వచ్చిన పెద్దవారికి అది బయటికి వచ్చి అన్నం మెతుకులు ఇరుక్కుంటూ పుచ్చు పడుతుంటే తీయించడం, ఎముకలోనే నిద్రపోతుంటే వదిలేయడం. ఇంతకంటే చెప్పవలసింది లేదు.

అదనపు పన్ను సాధారణంగా ఒకటే ఉంటుంది, కొందరికి రెండు. అంతకు మించి ఉంటే విషయం పంటితో ఆగకపోవచ్చు. మెడ కింది కాలర్ ఎముకలు సరిగా పెరగక భుజాలు రెండూ ముందుకు దగ్గరగా తేగలిగే పిల్లలకు, మాడు ఆలస్యంగా పూడినవారికి క్లైడోక్రేనియల్ డిస్‌ప్లేసియా అనే పుట్టుక లోపం ఉండవచ్చు. వారికి పాలపళ్లు ఊడక, అదనపు పళ్లు గుంపుగా ఎముకలో ఉండిపోతాయి. దవడ ఎముక మీద గడ్డలు, చర్మం కింద తిత్తులు, ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ ఉన్నవారిలో గార్డ్‌నర్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య జబ్బును అనుమానించాలి. దానిలో పెద్దపేగులో పుట్టే కండ బుడిపెలు (పాలిప్స్) వైద్యం లేకపోతే క్యాన్సర్‌గా మారతాయి కాబట్టి, పంటి డాక్టరు కంటే ముందు జీర్ణకోశ వైద్యుని దగ్గరికి వెళ్లవలసిన సందర్భమది. గ్రహణం మొర్రితో పుట్టిన పిల్లల్లో చీలిక దగ్గర వచ్చే అదనపు పంటిని, మొర్రి శస్త్రచికిత్స చేసే బృందంతో మాట్లాడకుండా తీయించకూడదు.

సూది మత్తా, పూర్తి మత్తా, ఎక్కడ చేయించాలి

బయటికి వచ్చిన పంటికి సూది మత్తు చాలు. ఎముకలో ఉన్నదానికి, తొమ్మిది పదేళ్లు దాటి మాట వినే పిల్లవాడైతే, సూది మత్తుతోనే అంగిలి వైపు చిగురును పళ్ల అంచు వెంట విడదీసి, పైనున్న ఎముకను నీళ్లు చల్లుతూ కొద్దిగా చెక్కి, పన్నును దాని సంచితో సహా తీసి, కుట్లు వేస్తారు. తలకిందులుగా ముక్కు దగ్గర ఉన్న పన్ను, రెండు అదనపు పళ్లు, ఆరేళ్ల వయసు, సూదిని చూస్తేనే వణికే పిల్లవాడు, వీటిలో ఏది ఉన్నా పూర్తి మత్తే మేలు. అప్పుడు మత్తు డాక్టరు, ఆక్సిజన్, రాత్రి ఉంచుకునే వసతి ఉన్న ఆసుపత్రి కావాలి. ముందు ఆరు గంటలు ఘనాహారం, రెండు గంటలు నీళ్లు కూడా ఇవ్వకూడదు. ఆకలికి ఏడుస్తున్నాడని చాటుగా బిస్కెట్ పెట్టే పెద్దవాళ్లకు ఈ మాట ముందే గట్టిగా చెప్పాలి, ఎందుకంటే కడుపులో ఉన్నది మత్తులో ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది.

పిల్లల దంతవైద్యుడు మొదట చూడటం, ఓరల్ సర్జన్ తీయడం, ఆర్థోడాంటిస్ట్ (క్లిప్పుల డాక్టరు) వరుస చూసుకోవడం, ఇదీ క్రమం. వరంగల్‌లో ఎంజీఎం ఆసుపత్రి దంత విభాగం నుంచి మొదలుపెట్టవచ్చు. సర్కారు వైద్యంలో ఈ మూడు విభాగాలూ ఒకే కప్పు కింద కావాలంటే హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. కాజీపేట నుంచి ఉదయపు రైలెక్కి సాయంత్రానికి తిరిగి రావచ్చు. కానీ క్లిప్పుల వైద్యానికి నెలనెలా ఆ ప్రయాణం చేయడం ఎన్నాళ్లు సాధ్యమో ముందే ఆలోచించుకుని, శస్త్రచికిత్స అక్కడ, క్లిప్పులు ఇక్కడ అని విడగొట్టుకోవచ్చేమో అడగాలి. ప్రభుత్వ బడులకు, అంగన్‌వాడీలకు వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం పిల్లల్ని చూసే రోజున, రాని ముందు పన్ను గురించి టీచరు ద్వారా చెప్పించడం మరిచిపోకండి.

పై పళ్లు తీయిస్తే కండ్లు పోతాయన్న భయం మన దగ్గర ఇంకా గట్టిగానే ఉంది. చూపు మోసుకొచ్చే నరం వేరు, పై పళ్లకు స్పర్శనిచ్చే నరం వేరు. చిన్నప్పుడు పన్ను పీకించుకున్నందుకు చూపు తగ్గిందని అనుకునేవారికి, ఆ చూపు ఎలాగైనా తగ్గేదే.

తీసిన తరువాత

రెండు మూడు రోజులు పై పెదవి, ముక్కు కింద కొంత వాపు ఉంటుంది. అంగిలి ముందు భాగం కొన్ని వారాలు మొద్దుగా ఉండవచ్చు, అది మెల్లగా పోతుంది. గోరువెచ్చని మక్క గట్క, జావ, పెరుగన్నం మంచివి. సంక్రాంతి ముందు చేయించుకున్న వారికి సకినాలు, ఏ కాలంలోనైనా కరకరలాడే సర్వపిండి, కుట్లు మానే వరకు వద్దు. వారం ప్రాంతంలో కుట్లు విప్పుతారు. బడి పోకుండా దసరా సెలవులో, వేసవి సెలవులో చూసుకోవచ్చు. అయితే నొప్పి, చీము, వాపు ఉన్నప్పుడు సెలవుల కోసం ఆగకూడదు.

అడ్డు తొలగిన పన్ను కొందరికి ఆరు నెలల్లో, కొందరికి ఏడాదిన్నర దాటి దిగుతుంది. ఆ వ్యవధిలో పక్క పళ్లు ఒరిగి చోటు మూసేయకుండా డాక్టరు చిన్న ప్లేటు ఇస్తే, పిల్లవాడు దాన్ని నిజంగా పెట్టుకుంటున్నాడా అని ఇంట్లో చూసుకోవాలి. ఆరు నెలలకు మళ్లీ ఎక్స్‌రే తీసి మొదటిదానితో పక్కపక్కన పెట్టి చూస్తారు. పన్ను కొంతైనా కిందికి జరిగితే ఇంకా ఆగవచ్చు. ఏడాది దాటినా ఉన్నచోటే ఉంటే, చిగురు తెరిచి గొలుసు అంటించే మాట ఎత్తవలసిందే. అందుకే తీయడానికి ముందటి ఎక్స్‌రేను క్లినిక్‌లో వదలకుండా, ఫిల్మైనా, ఫోన్‌లో ఫోటోగానైనా, తేదీ రాసి దగ్గర ఉంచుకోండి.